నలభై ఒకటో నంబరు కాగితం

ఆటగాళ్లకు కూడా పరీక్ష కాగితాల్లాగే పేర్లు చించేసి మార్కులు వేద్దామన్న ఆలోచన నాదే. నేను యూనివర్సిటీ పరీక్షల శాఖలో ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. జవాబు పత్రం మీది పేరు చీటీ చించి, వేరే నంబరు వేసి, దిద్దేవాళ్లకు పంపడం మా పని. పేరు కనబడకపోతే మనిషి న్యాయంగా ఉంటాడని మా శాఖ నమ్మకం. నేనూ నమ్మాను.

మౌలాలిలో ఒక పంపుల ఫ్యాక్టరీ ఉండేది. దానికి ఒక ఫుట్‌బాల్ జట్టు. ఆ రోజుల్లో బాగా ఆడేవాడు కనబడితే ఏదో ఒక ఫ్యాక్టరీయో ఆఫీసో వాడికి ఉద్యోగమిచ్చి తన జట్టులో కలుపుకునేది. పొద్దున హాజరు వేయించుకుని సాయంత్రం ఆడటమే వాళ్ల కొలువు. ఈ జట్టుకు సొంత మైదానం లేక యూనివర్సిటీ మైదానంలో ఆడేది. అలా, ఏటా ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది చెప్పే పని యూనివర్సిటీ మనుషులమైన మా ఇద్దరి మీద పడింది. ఒకణ్ణి నేను, వెంకటస్వామిని. రెండోవాడు ఉమాపతి. మైదానం చూసుకునేవాడు, ఒకప్పుడు పేరున్న ఆటగాడు, జట్టుకు ఆట నేర్పేదీ అతనే. అందరూ మాస్టరు అనేవారు. నేను బి.ఎ. పాసయ్యాను, అతను ఏడో తరగతి దగ్గర ఆగిపోయాడు. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో చదివేవాళ్లకు ముందుముందు తెలుస్తుంది.

ఆ ఫ్యాక్టరీకి నాగపూరులో ఇంకో శాఖ, అక్కడా ఒక జట్టు ఉన్నాయి. రెండు ఊళ్లలో ఒకే పని చేసే ఇద్దరు, మేం చోట్లు మార్చుకుంటాం అని అర్జీ పెట్టుకోవచ్చని ఒక నియమం. ఇంట్లో తల్లిదండ్రులు మంచాన పడ్డవాళ్ల కోసం పెట్టిన నియమం అది. ఫ్యాక్టరీ సంక్షేమాధికారి వెంకటేశం దాంతో ఆటగాళ్లను మార్చుకునేవాడు. కిందటేడు అలాగే సమ్మయ్య అనే బ్యాకును నాగపూరుకు ఇచ్చి ఒక గోల్‌కీపర్ను తెచ్చుకున్నాం. అది ఉమాపతి సలహా. కీపరు పరవాలేదు గాని వెనక వరస బోసిపోయింది. ఇప్పుడు నాగపూరు వాళ్లు ఒక గట్టి బ్యాకును ఇస్తామంటున్నారు. బదులుగా మన ముందు వరసలో నలుగురిలో ఒకణ్ణి అడుగుతున్నారు.

అరవై ఏడు డిసెంబరులో, వెంకటేశం గదిలో, ఆ ఒక్కడు ఎవరన్నదాని మీద నాకూ ఉమాపతికీ మాటామాటా పెరిగింది.

"మొన్నటి మ్యాచ్‌ల గోలు కొట్టింది నా రాజన్న. వాణ్ణి ఇచ్చుడు కుదరది," అన్నాడు ఉమాపతి.

"కొట్టింది రాజన్న. కాలి ముందరికి బంతి తెచ్చి పెట్టింది మా ఇన్నయ్య," అన్నాను.

"పెట్టినోని పేరు పేపర్ల ఎవడు రాస్తడు సారు?"

"పేపరు వాడు రాయకుంటే ఆట ఆట కాదా మాస్టరు?"

వెంకటేశం రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "నావోడు, నీవోడు. మీ ఇద్దరి నోట్ల ఇంకో మాట లేదా? నాగపూరుకు నేనెవర్ని పంపాలె? చిట్టీలు ఎయ్యమంటరా?"

అప్పుడు చెప్పాను నా పద్ధతి. జనవరి నుంచి మార్చి దాకా ఉన్న పన్నెండు మ్యాచులకూ ఫ్యాక్టరీ గుమాస్తా పేరయ్య గీత పక్కన కూర్చుని, ఒక్కొక్కరూ ఎక్కడ నిలబడ్డారు, బంతి ఎన్నిసార్లు ఇచ్చారు, ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు, అన్నీ రాస్తాడు. పేరయ్యకు ఆట మీద ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. చివర్లో మనిషికొక కాగితం తయారుచేసి, పేరు చించి, నంబరు వేసి మా ఇద్దరికీ ఇస్తాడు. ఇద్దరం విడివిడిగా నూటికి మార్కులు వేస్తాం. సగటున ఎవరికి తక్కువ వస్తే వాడు నాగపూరు వెళ్తాడు.

"చూస్తె తెలిసేదానికి గిన్ని కాయితాలా," అన్నాడు ఉమాపతి.

"చూసే కండ్లు అందరియి ఒక్క తీరుగుండయి గదా మాస్టరు."

"ఉండయి, ఉండయి," అని నవ్వి ఒప్పుకున్నాడు.

ఇన్నయ్యను నేను చూసింది అరవై అయిదులో. హాస్టలు వంటింటికి కట్టెలు మోసేవాడు. సాయంత్రాలు వంటవాళ్లతో కలిసి ఉత్త కాళ్లతో ఆడేవాడు. ఫ్యాక్టరీలో హెల్పరు పని ఇప్పించాను. అప్పటికి నా భార్య పద్మావతి ఉంది. ఆట అయ్యాక అతను తార్నాకలో మా ఇంటికి వస్తే, ఏం తిన్నావని అడగకుండానే రొట్టెలు పెట్టేది. మరుసటి వానాకాలంలో ఆమె పోయింది. ఆ తరవాత కూడా ఇన్నయ్య ప్రతి ఆదివారం మౌలాలి చర్చిలో ప్రార్థన అయ్యాక సైకిలు మీద వచ్చేవాడు. అందరూ నన్ను ఓదార్చి అలిసిపోతున్న రోజులవి. అతను ఒక్కసారీ ఓదార్చలేదు. "సారు, గ్యాసునూనె ఉన్నదా?" అని అడిగి, కిరసనాయిలు తెచ్చి స్టవ్వులో నింపి, వసారాలో కూర్చునేవాడు. ఆ ఒక్క ప్రశ్నే నన్ను వారం పొడుగునా నిలబెట్టేది.

ఫ్యాక్టరీ గదుల్లో ఆరుగురికి ఒక గది. బూట్లు పెడితే తెల్లారేసరికి ఉండవు. అందుకని ఒక్కో ఆటగాడు తనను ఏరినవాళ్ల ఇంట్లో బూట్లు పెట్టుకోవడం మా దగ్గర అలవాటయింది. ఎవరి గడప ముందు ఎవరి బూట్లు ఉన్నాయో చూస్తే ఎవరు ఎవరి మనిషో తెలిసిపోయేది. ఇన్నయ్య బూట్లు మా వసారాలో ఉండేవి. వాటికి కొవ్వు రాసి, కిటికీ నీడలో ఆరబెట్టడం నా ఆదివారపు పని.

జనవరి రెండో వారంలో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి వసారాలో బూట్లు లేవు. మర్నాడు ఉమాపతి ఇంటి మీదుగా వెళ్తుంటే రాజన్న బూట్ల పక్కన కనబడ్డాయి. ఉమాపతి భార్య భూదేవి వాటిని చీపురు తగలకుండా జరిపి మరీ వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి "రా అన్నా, చాయ్ తాగిపో," అంది. పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఆ రోజు నుంచి నేను మైదానానికి వెళ్లలేదు. ఆఫీసు నుంచి ఇంటికి మైదానం పక్కనుంచే దారి. చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. కేకలు వినబడితే, ఆ కేక ఎవరి కోసమా అని ఆగి, మళ్లీ నడిచేవాణ్ణి. ఉమాపతికి భార్య ఉంది. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, వాకిట్లో ముగ్గు ఉంటుంది. ఇన్ని ఉన్నవాడికి నా ఒక్క ఇన్నయ్య కూడా కావలసి వచ్చాడా అనుకునేవాణ్ణి. ఆదివారం సైకిలు గంట వినిపించినా లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాను. రెండు వారాలు గంట మోగింది. తరవాత మోగలేదు. మోగనందుకు మళ్లీ కోపం వచ్చింది.

మార్చి మూడో వారంలో పేరయ్య నాలుగు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, నలభై నాలుగు, నలభై ఏడు. ఆదివారం మధ్యాహ్నం బల్ల ముందు కూర్చున్నాను. నలభై నాలుగు, నలభై ఏడు మధ్యలో ఆడేవాళ్లవి. వాళ్లతో నాకు పేచీ లేదు, న్యాయంగానే వేశాను. మిగిలిన రెండింట్లో ముప్పై ఎనిమిది కుడి గీత వెంట ఆడేవాడిది, నలభై ఒకటి ఎడమ గీత వెంట ఆడేవాడిది. కుడి వైపు ఆడేది ఇన్నయ్య. ఎడమ వైపు రాజన్న. మూడేళ్లుగా అంతే. పేర్లు చించినా నాకు అవి చించనట్టే ఉన్నాయి.

నలభై ఒకటో కాగితం ముందు తీశాను. బంతి ఇచ్చినవి రెండు వందల పదహారు, చేరినవి నూట డెబ్బై. బాగానే ఉంది. అయితే దగ్గరివాళ్లకే ఇచ్చి ఉంటాడు, అనుకున్నాను. పోగొట్టుకున్నవి నలభై ఆరు. చూశావా, అనుకున్నాను. గోల్స్ రెండు. ఎదుటివాళ్ల కీపరు చేతకానివాడై ఉంటాడు. చివర పేరయ్య తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "కింద పడ్డ ఎదుటి జట్టువానిని చేయి పట్టి లేపును, మూడు పర్యాయములు." చూసేవాళ్ల కోసం వేషాలు, అనుకుని ముప్పై ఒకటి వేశాను. ఆ అంకె వేస్తున్నప్పుడు భూదేవి వాకిట్లో రెండు జతల బూట్లూ కళ్ల ముందున్నాయి.

ముప్పై ఎనిమిదిలో పోగొట్టుకున్న బంతులు యాభై పైనే. తెగించి ఆడేవాడు పోగొట్టుకోక ఏం చేస్తాడు, అనుకున్నాను. డెబ్బై నాలుగు వేశాను. నేను అలిగి ఉన్న మనిషికి అంత మార్కు వేసినందుకు నా మీద నాకే మంచి అభిప్రాయం కలిగింది.

శుక్రవారం వెంకటేశం గదిలో చించిన చీటీలు తెరిచి పేరయ్య చదివాడు.

"నలభై ఒకటి. ఇన్నయ్య. ఉమాపతి గారు డెబ్బై, వెంకటస్వామి గారు ముప్పై ఒకటి."

పేరయ్య తప్పు చీటీ తీశాడనుకుని కాగితం అడిగి చూశాను. కాగితం చించిన అంచూ చీటీ అంచూ సరిగ్గా అతికాయి. ముప్పై ఎనిమిది రాజన్నది. సగటు వేస్తే అందరికంటే కింద ఇన్నయ్య.

"పెద్ద మనిషివి సారు," అన్నాడు వెంకటేశం. "సొంత పిల్లగానికి ముప్పై ఒకటి ఎయ్యాల్నంటె ఎంత గుండె కావాలె. మాస్టరు మనిషికేమో డెబ్బై నాలుగు. ఈ ఫ్యాక్టరీల గిసొంటోళ్లు నలుగురుంటె చాలు."

ఉమాపతి నా వైపు చాలాసేపు చూశాడు. "సారు ఏం చూసి ఏసిండో సారుకే తెల్వాలె," అన్నాడు అంతే.

ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది. మెచ్చుకోలు అంటే నాకు అంత ఆకలి ఉందని అప్పటిదాకా తెలియదు. వెంకటేశం తెప్పించిన చాయ్ కూడా తాగాను. సోమవారం పొద్దున అర్జీలు నాగపూరుకు పోతాయన్నాడు.

శనివారం సాయంత్రం ఇన్నయ్య వచ్చాడు. గొళ్లెం పెట్టుకునే ధైర్యం లేకపోయింది. వసారాలో ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు.

"నాగపూర్ల ఎండలు జోరుంటయట గదా సారు."

"అవునట," అన్నాను. "మీ అమ్మ ఏమంటున్నది?"

"ఏమంటది. స్వామి సారు తప్పు మార్కులెయ్యడు బిడ్డా, నువ్వే ఏడ్నో తప్పు ఆడుంటవ్, అంటున్నది. అమ్మనే తోల్కపోదామంటె ఆమె రాదు. మౌలాలి చర్చి ఇడిసి మా అమ్మ రాహేలు ఏడికీ రాదని అందరికి ఎర్కనే."

"ఎడమ పక్కకు ఎప్పుడు మారినవ్?"

"జనవరిల సారు. మాస్టరే మార్చిండు. కట్టెలు కుడి భుజం మీద మోసేటోడివి, బరువంత ఎడమ కాలు మీద ఆపేటోడివి, నీ అసలు కాలు అదేరా అన్నడు. రాజన్నను ఇటు జరిపి నన్ను అటు పెట్టిండు. పొద్దుగాల అయిదింటికి గోడకు బంతి కొట్టిపిచ్చేటోడు. మీకు చెప్దామని రెండు ఆదివారాలు వచ్చిన. గొళ్లెం ఉండె."

కట్టెలు మోస్తుండగా అతన్ని మొదట చూసింది నేను. ఏ భుజం మీద మోశాడో మాత్రం ఉమాపతి అడిగి తెలుసుకున్నాడు.

"అయితే బూట్లు?"

"అయిదింటికి బూట్లు కావాలె గదా సారు. గంత పొద్దుగాల మీ తలుపు కొట్టుడెందుకని ఆడ పెట్టుకున్న. పద్మావతమ్మ పోయినంక తెల్లారగట్లనే మీకు జర కునుకు పడ్తదని మీరే అన్నరు ఒకపారి." లేచి నిలబడి అడిగాడు, "గ్యాసునూనె ఉన్నదా సారు?"

ఉందన్నాను. లేదు. అయినా అతను స్టవ్వు ముందు కూర్చోవడం నేను చూడలేకపోయేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే ఉమాపతి ఇంటికి వెళ్లాను. అతను వాకిట్లో గడ్డం గీసుకుంటున్నాడు. భూదేవి పీట వేసి చాయ్ ఇచ్చింది. గ్లాసు చల్లారిపోయేదాకా పట్టుకుని, మొత్తం చెప్పాను. మైదానానికి రాకపోవడం, కుడి ఎడమలు తారుమారు కావడం, ఎవరిదనుకుని ఎంత వేశానో.

ఉమాపతి సబ్బు నురగ తుడుచుకున్నాడు.

"అంటే ముప్పై ఒకటి నా రాజన్నకు."

"అవును."

"వాడు నీకేం చేసిండు?"

అంతవరకూ ఇన్నయ్య గురించే ఏడ్చిన నాకు, నేను ముంచబోయింది రాజన్నను అన్న సంగతి అప్పుడు తగిలింది. అతను నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఏం చెయ్యలేదు," అన్నాను. "నీ మీది కోపం."

"నేనేం చేసిన?"

భూదేవి చెంబులో నీళ్లు తెచ్చి పెట్టి, "పోనియ్యరాదు," అంది భర్తతో. "వదినె ఉన్నన్నాళ్లు ఆ పిల్లగాడు అన్న ఇంట్లనే తిన్నడు. ఇప్పుడు మనింట్ల తింటుండు. మనసుల పడదా?"

ఉమాపతి చొక్కా తొడుక్కున్నాడు. "రేపు పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోదాం. నేనొస్త."

సోమవారం ఎనిమిదింటికి వెంకటేశం గదిలో ఉన్నాం. అర్జీలు టైపై బల్ల మీద ఉన్నాయి. నా మార్కులు తీసేయమన్నాను.

"కారణం రాసియ్యాలె సారు. మీరు పెట్టిన రూలే గదా."

రాశాను. "నలభై ఒకటి రాజన్నది అనుకొని తక్కువ వేశాను. ముప్పై ఎనిమిది ఇన్నయ్యది అనుకొని ఎక్కువ వేశాను. ఇవి ఆటకు వేసిన మార్కులు కావు. ఉమాపతి మీది ఈర్ష్యతో వేసినవి." సంతకం చేసి ఇచ్చాను.

వెంకటేశం రెండుసార్లు చదివి గొంతు తగ్గించాడు. "గిది ఫైల్ల ఉంటది సారు. జన్మంత ఉంటది. కండ్లు సక్కగ కనిపిస్తలేవని రాయిండ్రి, నేను ఒప్పుకుంట."

అలా ఒక దారి చూపించినందుకు అతనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కాని రాసింది మార్చలేదు. అతను ఎర్ర సిరాతో నా వరస మొత్తం కొట్టేశాడు. ఇక నన్ను ఎంపికకు పిలవరని వేరే చెప్పనక్కర్లేదు. మిగిలింది ఉమాపతి వేసిన వరస ఒక్కటే. డెబ్బై, అరవై ఆరు, అరవై ఒకటి, యాభై రెండు.

వెంకటేశం వేలు యాభై రెండు మీద ఆగింది. "మాస్టరు," అన్నాడు. "ముప్పై ఎనిమిది. రాజన్న."

"ఎర్కనే," అన్నాడు ఉమాపతి. "రాయిండ్రి."

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను. "ముప్పై ఎనిమిది రాజన్నదని నీకు ముందే తెలుసా?"

"రోజు చూసేటోణ్ణి. తెల్వకెట్లుంటది?"

"తెలిసీ యాభై రెండా?"

"కుడి పక్క వానికి కుదరలె. మార్చింది నేనే. తప్పు నాదే గాని కాయితం మీద ఆట యాభై రెండే ఉన్నది." దూరంగా వస్తున్న బస్సు వైపు చూస్తూ అన్నాడు, "నాగపూరోళ్లు ఎడమ పక్క ఆడిపిస్తె మళ్ల మంచిగైతడు. చిట్టీ రాసిస్త."

పేరు చించిన కాగితం మీద నేను చేయలేని పని, పేరు తెలిసిన కాగితం మీద అతను చేశాడు. ఏడో తరగతి చదివినవాడు. నాకు సిగ్గు వేసింది. సిగ్గు కింద, ఇంకా చల్లారకుండా, పాత ఈర్ష్యే ఉంది. ఇప్పుడు అది అతని బుద్ధి మీద.

ఆ సాయంత్రం మైదానంలో రాజన్నకు ఉమాపతే చెప్పాడు. వారాసిగూడలో నలుగురు అన్నదమ్ములతో రెండు గదుల్లో పెరిగినవాడు రాజన్న. కాసేపు గడ్డి పీకుతూ కూర్చున్నాడు.

"ఆడ నాకు ఒక్కనికే గది ఇస్తరా మాస్టరు?"

"ఇస్తరంట."

"గట్లయితె బూట్లు నా గదిలనే పెట్టుకుంట. ఇగ ఎవరింట్ల పెట్టాల్సిన పని లేదు," అని నవ్వాడు. ఉమాపతి నవ్వలేదు. వాడి తల మీద ఒకసారి చెయ్యి వేసి, బంతులు ఏరడానికి వెళ్లిపోయాడు.

నేను రాజన్న దగ్గరికి వెళ్లి నేను చేసింది చెప్పాను. "పోనియ్యి సారు, మీ మార్కులు కొట్టేసిండ్రు గదా," అన్నాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఏప్రిల్ మొదటి ఆదివారం సీజను చివరి మ్యాచ్. వెళ్లాను. కుడి గీత పక్కన నేనెప్పుడూ కూర్చునే చోటు వదిలి, ఎడమ గీత పక్కకు నడిచి నేల మీద కూర్చున్నాను. ఇన్నయ్య ఎడమ కాలితో బంతిని తీసుకుని బ్యాకును దాటి వెళ్తుంటే, మూడేళ్లుగా నేను చూస్తున్న మనిషి అతనేనా అనిపించింది. మొదటి సగం ముగిసేలోపు గోలు కొట్టాడు. కొట్టి, ముందు ఉమాపతి ఉన్న వైపు చూశాడు. తరవాత అతని కళ్లు గుంపులో వెతికాయి. కుడి గీత దాకా పోయి, అక్కడ లేనని గ్రహించి, వెనక్కి తిరిగి, పది అడుగుల దూరంలో నేల మీద ఉన్న నన్ను చూశాడు. చెయ్యెత్తాడు.

రెండో చూపు అది. మొదటిది నాకు రావలసినది కాదని ఒప్పుకోవడానికి మిగతా ఆటంతా పట్టింది. ఆట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.